తెల్లకొంగను దగ్గరగా చూచుట

సాయంవేళ కొంగలు బారులు తీరి గూళ్ళకు మరలుచుండగా, క్రింద నిలిచిన పిల్లలు చేతిగోళ్ళను ఒకదానితో నొకటి రాచుచు, తమ గోళ్ళపై తెల్లని పువ్వులు వేయుమని వాటిని వేడుకొనుట మన ప్రాంతమున తెలుగు వారికిని తమిళులకును ఉమ్మడియైన ఆట. మరునాడు గోటిపై చిన్న తెల్లమచ్చ కనబడినచో అది కొంగ యిచ్చినదే యని మురిసిపోవుట మేమును ఎరుగుదుము. ఇప్పటి పిల్లలు కొంగ కనబడినంతనే గోళ్ళకు బదులు సెల్‌ఫోను నెత్తుచున్నారు. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. నిందింపవలసినవారు వేరొకరున్నారు, ఆ సంగతినే ముందుగా చెప్పుకొందుము.

గత సంవత్సరము సంక్రాంతి సెలవుల తరువాత మన పాఠశాలలో ప్రకృతి ఛాయాచిత్రముల ప్రదర్శన నొకదానిని ఏర్పాటు చేసితిమి. ఆ ప్రకటనను వ్రాసినది మేమే. అందులో నొక వాక్యమిట్లుండెను: ఎవరి చిత్రమునందు పక్షి మిక్కిలి దగ్గరగా, మిక్కిలి వివరముగా కనబడునో వారికి ప్రథమ బహుమతి. వ్రాయునప్పుడు ఆ వాక్యము మాకు ముచ్చటగనే తోచినది. వచ్చిన చిత్రములలో పెక్కింటియందు పక్షి ఆకాశమున నొక సున్నపు చుక్కవలె నుండెను. ఒక్క చిత్రము మాత్రము చూచినవారి నెల్లరను నిలువరించినది. చిన్న తెల్లకొంగ గూటి అంచున నిలిచియున్నది. వీపుమీది సన్నని ఈకలు పట్టుపోగులవలె విడివిడిగా గాలికి లేచియున్నవి. దాని కాళ్ళకడ మూడు పిల్లలు నోళ్ళు తెరచియున్నవి. మేము రెండవ ఆలోచన లేక ఆ చిత్రమునకు బహుమతి నిచ్చితిమి. ఇచ్చునప్పుడు ఆ బాలుని ముంజేతులమీది గీరలను చూచితిమి గాని, అవి తుమ్మముండ్ల గీరలని గ్రహింపలేదు. "ఇంత దగ్గరగా ఎట్లు తీసినావు?" అని అడిగితిమి. "మానెక్కి తీస్తిని సార్, కొమ్మ మీదనే కూసోని తీస్తిని" అని వాడు గర్వముగా చెప్పినాడు. సభలోని వారందరు చప్పట్లు కొట్టిరి. మేమును కొట్టితిమి.

వారము దినముల తరువాత గుడియాత్తము సమీపమున ఆ చెరువుగట్టు మీదుగా పోవుచుండగా, అక్కడ మేకలు మేపుకొను ఒక అవ్వ మమ్ము నిలిపి, "అయివారూ, మీ బడి పిల్లోడు మానెక్కినాక కొంగలు పొద్దెక్కేదాకా దిగలేదు. కాకులు దూరినాయి. క్రింద పిల్లలు రెండు నీళ్ళలో పడిపోయినాయి, చూస్తిని" అని చెప్పెను. ఆమె కోపముతో చెప్పలేదు. వాన పడినదని చెప్పినట్లు చెప్పెను. మేము సమాధానమేమియు చెప్పలేక యింటికి వచ్చితిమి. బహుమతి మేమిచ్చినది, వాక్యము మేము వ్రాసినది, మాను మాత్రము వాడెక్కెను.

గూడు కట్టిన చెట్టును మనిషి యెక్కినపుడు జరుగునదేమో ఆ దినమునకు ముందు మేము ఓపికగా ఆలోచించియుండలేదు. కొంగలు ఒంటరిగా గూడు కట్టవు. ఒకే చెట్టుమీద పదులకొలది జంటలు, వాటితో నీటికాకులును చేరి, కొమ్మకొమ్మకు పుల్లల గూళ్ళు పేర్చుకొనును. ఒక్క మనిషి యెక్కినచో ఒక్క గూటి పక్షి కాదు, చెట్టుమీది పక్షులన్నియు లేచిపోవును. క్రొత్తగా పొదిగిన పిల్లల ఒంటిమీద పలుచని నూగు తప్ప ఈకలుండవు; తల్లిదండ్రుల రెక్కలే వాటికి గొడుగు. ఆ గొడుగు తొలగినచో ఎండకు అవి నిలువలేవు. కొంచెము ఎదిగిన పిల్లలు భయముతో గూటినుండి కొమ్మపైకి దిగి, పట్టు తప్పి నీటబడును, మరల ఎక్కలేవు. తల్లిలేని గూళ్ళను కనిపెట్టుటయందు కాకిని మించినది లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 'వేట' అను మాటకు చెప్పిన నిర్వచనములో, చంపుట, పట్టుట మొదలగువానితో పాటు అడవిపక్షుల గ్రుడ్లనుగాని గూళ్ళనుగాని కలతపెట్టుటయు చేరియున్నది. అనగా ఆ దినము మన పాఠశాల సభలో చప్పట్లు కొట్టి మేము సన్మానించినది చట్టము దృష్టిలో నొక వేట.

ఈ సంగతి విన్న పిమ్మట మా సహోపాధ్యాయులలో నొకరు, ఇక ఈ ప్రదర్శనలే వద్దనియు, పిల్లల చేతిలో ఫోను పెట్టుటయే తప్పనియు తేల్చి చెప్పిరి. వారి మాటతో మేము ఏకీభవింపజాలము. దగ్గరి చిత్రమువలన కలుగు మేలు మాకు తెలియును. అది లేకపోయినచో మన పిల్లలకు కొంగ యెన్నటికిని ఒక తెల్లని చుక్కగనే మిగిలిపోవును.

మనము తెల్లగా పొడుగుకాళ్ళతో కనబడిన ప్రతి పక్షిని 'కొంగ' యని ఒక్క పేరుతో సరిపెట్టుకొనుచున్నాము. నెల్లూరుపేట చెరువునందు నీరు నిలిచినపుడు గట్టున నిలిచి చూడుడు. తెల్లనివే నాలుగు జాతులు కనబడవచ్చును. ముక్కును కాళ్ళును నల్లగా నుండి వ్రేళ్ళు మాత్రము పసుపు పూసినట్లున్నది చిన్న తెల్లకొంగ. మెడ పొట్టిగా, ముక్కు పసుపుగా నుండి, పశువుల వెంటను ట్రాక్టరు వెంటను నడచి, అవి లేపిన మిడతల నేరుకొనునది పశువుల కొంగ. గూళ్ళు కట్టు కాలమున దీని తలయు రొమ్మును కుంకుమపువ్వు చాయ దేరును. అన్నిటికంటె పొడవైనది పెద్ద తెల్లకొంగ. దీనికిని దీని కంటె కొంచెము చిన్నదగు నడిమి కొంగకును గల భేదము దూరమునుండి తెలియుట కష్టము. అయితే ముఖము స్పష్టముగా పడిన చిత్రమును పరిశీలింపుడు: నోటి గీత కంటి క్రిందనే ఆగిపోయినచో నడిమి కొంగ, కంటిని దాటి వెనుకకు పోయినచో పెద్ద కొంగ. ఈ గీతను మేము పుస్తకమున చదివియుంటిమి. చూచినది మాత్రము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తీసిన చిత్రమునందే.

ఈ సందర్భమున పేర్ల ముచ్చట యొకటి చెప్పవలసియున్నది. పశువుల కొంగను తమిళులు 'ఉణ్ణిక్కొక్కు' అందురు. పశువుల ఒంటిమీది పిడుదులకు వారి భాషలో ఉణ్ణి యని పేరు. మట్టిరంగుతో చెరువంచున కదలక కూర్చుండి, లేచి యెగిరినంతనే రెక్కలు తెల్లగా మెరసి మనలను వెరపించు పక్షిని మనము 'గుడ్డికొంగ' యనుచున్నాము. తమిళులును దానిని 'కురుట్టుక్కొక్కు' అనియే పిలుతురు, అర్థమొక్కటియే. మనిషి కాలు మీద వేయునంతవరకు లేవదు గనుక దానికి కన్నులు లేవని ఇరువురి పెద్దలును ఒక్కతీరుగనే యెంచిరి కాబోలు. రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఈ రెండు పేర్లును తెలిసియుండుట ఒక భాగ్యమని మేము తలంతుము. ఒక పేరు దాని రూపమును చెప్పినచో మరియొకటి దాని తిండిని చెప్పును.

ఇక తెలుపు సంగతి. కొంగ ఈకలో తెల్లని రంగు లేదన్నచో పిల్లలు నమ్మరు. నల్లని ఈకయందు నలుపునిచ్చు పదార్థమున్నది. తెల్లని ఈకయందు ఏ రంగు పదార్థమును లేదు. గోటిని పోలిన పదార్థముతో అల్లిన సన్నని పోగులును, వాటి నడుమ గాలియు కలసి, పడిన వెలుతురునంతయు అన్ని దిక్కులకు చెదరగొట్టుటచేత మన కంటికది తెల్లగా తోచును. ఉప్పురవ్వ నొక్కదానిని చూచిన గాజువలె నుండును. గుప్పెడు పోసిన తెల్లనగును. ఈకయందలి కిటుకును ఇంచుమించు ఇటువంటిదే. నలుపునిచ్చు ఆ పదార్థము ఈకకు గట్టిదనమును గూడ నిచ్చును. అందుచేతనే నత్తగుల్ల కొంగవంటి పెక్కు తెల్లని పక్షులకు, గాలి రాపిడి మిక్కుటమగు రెక్కల చివరలు నల్లగా నుండును. ఈ నాలుగు కొంగలకు ఆ నలుపును లేదు. మఱి యెట్లు అంత తెల్లగా నిలుచునందురా? వాటి రొమ్మున పిండివలె పొడి రాలు ప్రత్యేకమైన ఈకలున్నవి. నడిమి వ్రేలి గోటికి దువ్వెన పండ్లవంటి నొక్కులున్నవి. చెరువు బురదలో దినమెల్ల తిరిగిన పక్షి గట్టున కూర్చుండి ఆ పొడి నద్దుకొని, ఆ గోటితో దువ్వుకొనును. ఒక మంచి చిత్రమునందు ఆ గోటి నొక్కులు గూడ కనబడును.

అయినను తెల్లని ఈకను కెమెరాలో పట్టుట సులభము కాదు. కెమెరా తన యెదుటనున్న దృశ్యమంతయు సగటున బూడిదరంగే యని భావించి వెలుతురును కొలుచును. నల్లని చెరువునీటి నడుమ చిన్నగా కొంగ నిలిచినపుడు అది నీటిని చూచి చీకటియని తలచి వెలుతురు నధికముగా తీసికొనును. కొంగ ఒక సున్నపుముద్ద యగును. ఈకల వివరము ఒకమారు అట్లు కాలిపోయినచో తరువాత ఏ దిద్దుబాటుచేతను తిరిగి రాదు. చిత్రమునంతటిని కొంగయే ఆక్రమించినపుడు దానికి వ్యతిరేకముగా తెల్లని పక్షి మాసిన పంచెవలె కనబడును. అందుచేత నల్లని నీటియెదుట వెలుతురును తగ్గింపవలెను; తెలుపే నిండియున్నపుడు కొంచెము పెంపవలెను. ఫోనునందైతే పెక్కింటిలో తెరమీద కొంగను వ్రేలితో తాకి, ప్రక్కన తోచు సూర్యుని గుర్తును క్రిందికి లాగిన చాలును. మధ్యాహ్నపు ఎండలో ఎంత తంటాలుపడినను ఫలము లేదు. ప్రొద్దుపొడిచిన తొలి గంటలో, వెలుతురు ఏటవాలుగా పడునపుడు, ఒక్కొక్క ఈక నీడ దాని ప్రక్క ఈకపై పడి వివరము దానంతట అది తేలును. సన్నని మబ్బు పట్టిన దినమును మంచిదే.

ఇవన్నియు తెలిసికొనిన పిమ్మట మిగిలిన ప్రశ్న యొక్కటి: దగ్గరగా పోకయే దగ్గరి చిత్రము వచ్చునా? వచ్చును. అయితే కాలము పట్టును. మన భాషలో 'కొంగజపము' అను మాట దొంగభక్తికి పేరైనది. కొంగ ఒంటికాలిపై కన్ను మూయక నిలుచుట చేపకొరకే కాని మోక్షముకొరకు కాదని పెద్దల వెక్కిరింత. మా మట్టుకు మాకు ఆ పక్షిపట్ల కొంత అన్యాయము జరిగినదని తోచును. ఎర తనయొద్దకు వచ్చువరకు నీటిని కలపక నిలుచుటకన్న నేర్పరితనమేమున్నది? చిత్రము తీయు బాలుడు చేయవలసినదియు ఆ జపమే. చెరువుగట్టున ఒక తాటిబోదె ప్రక్కన, నిలువక, కూర్చుండవలెను. ముదురు రంగు బట్టలు ధరింపవలెను. పక్షి ఏ వైపునుండి మేయుచు వచ్చుచున్నదో గమనించి ముందుగనే అక్కడ నుండవలెను. అరగంటలో దానికి మనపై అలవాటు కలుగును. అది తలయెత్తి మెడ నిక్కించి మనవంక చూచినదా, మనము హద్దు మీరితిమని యర్థము, అక్కడనే ఆగవలెను. అది లేచిపోయినచో ఆ దినమునకు మనము ఓడినట్లే.

మనుష్యులకు అలవాటుపడిన కొంగలును లేకపోలేదు. వేలూరు కోట అగడ్త అంచున జనము నడచు దారికి కొలది గజముల దూరములోనే చేపకై కాచియుండు కొంగను ఎవరును చూడవచ్చును. చెత్తకుప్పలమీద ఈగల నేరుకొను పశువుల కొంగలు మనలను లెక్కయే చేయవు. తెల్లని ఈకలకు చెత్తకుప్ప తగిన పీఠము కాదని కొందరు ఆ చిత్రములను తీయరు. మేమైతే అట్టి చిత్రమును సంతోషముగా ప్రదర్శింతుము. ఆ కుప్ప మనము వేసినదేకదా. కౌండిన్య నదికి నీరు వచ్చినపుడు ఊరి వంతెన మీదనుండి తీయవచ్చును. 2021 నవంబరు నెలలో ఆ నది పొంగి గుడియాత్తమున ఇండ్లను ముంచినది. ఆ భయము మనకింకను తీరలేదు గాని, నీరు తీసిన పిమ్మట మడుగులలో చేపకొరకు చేరిన కొంగలను చూచి, నది బ్రతికియున్నదని ఊరట చెందినవారిలో మేమును ఒకరము.

గూటికడ చిత్రము తీయుటను మేము ఇంతగా కాదనుచుండగా, చదువుకొనిన మిత్రులొకరు చరిత్రనుండి ఒక గట్టి యెదురుమాట నందించిరి. దానిని దాచుట న్యాయము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఐరోపా, అమెరికా దేశముల స్త్రీలు టోపీలపై కొంగ ఈకలను తురుముకొనుట గొప్ప వేడుకగా నుండెను. వారు కోరిన ఆ జాలువారు ఈకలు గూళ్ళు కట్టు కాలమున మాత్రమే మొలచును. కాబట్టి వేటగాండ్రు గూళ్ళకడకే పోయి పెద్దపక్షులను చంపి, పిల్లలను ఆకలికి వదలిరి. మన దేశమునుండియు ఆ ఈకలు ఓడలకెక్కినవి. 1902లో భారత ప్రభుత్వము పక్షి ఈకల ఎగుమతిని నిషేధించెను. ఆస్ట్రేలియాలో మాటింగ్లీ అను నతడు అట్లు పాడుచేయబడిన గూళ్ళకడ, చచ్చిన తల్లుల ప్రక్కన ఆకలితో నోళ్ళు తెరచిన కొంగపిల్లల చిత్రములు తీసి 1907లో ప్రకటించెను. పక్షిసంరక్షణ సంఘమువారు ఆ చిత్రములను పెద్ద పలకలపై అంటించి, 1911లో మనుష్యుల మెడలకు తగిలించి లండను వీధులలో త్రిప్పించిరి. 1921లో బ్రిటిషు పార్లమెంటు ఈకల దిగుమతిని నిషేధించు శాసనమును చేసెను. ఆ శాసనము వెనుక ఆ చిత్రముల బలమును గలదు. కనుక గూటి చిత్రము కొంగజాతిని కాపాడిన దినమును ఉన్నది గదా యని మిత్రుని వాదము.

నిజమే. దానికి మా వద్ద పూర్తి సమాధానము లేదు. అయితే మాటింగ్లీ పోవునప్పటికే ఆ గూళ్ళు చెడియుండెను. అతడు ఇతరులు చేసిన కీడును లోకమునకు చూపెను. మన సభలో చూపబడిన చిత్రము తాను చేసిన కీడును దాచి, అందమును మాత్రము చూపెను. నోళ్ళు తెరచిన ఆ మూడు పిల్లలు ఆకలిచేత తెరచినవో భయముచేత తెరచినవో చప్పట్లు కొట్టిన మాలో నొక్కరును అడుగలేదు.

దూరమునుండి చూచుట మన దేశమునకు క్రొత్త కాదు. చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్ గ్రామస్థులు, సిపాయిలు పక్షులను కాల్చుచున్నారని మొరపెట్టుకొని, 1798 ప్రాంతమున నాటి కలెక్టరు లయొనెల్ ప్లేసు వలన రక్షణ పత్రమును పొందిరి. పక్షులరెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువని వారెరిగియుండిరి. నేటికిని అక్కడకు పోయినవారు చెరువు నడుమ చెట్లను గట్టుమీదనుండియే చూచి మరలవలెను. అట్లు చూచి తృప్తిపడని వారిని మేము కానలేదు. గుంటూరు జిల్లా ఉప్పలపాడు చెరువుకడను ఊరివారి కాపుదలయే పక్షులకు కోట. మద్రాసున నివసించిన మా. కృష్ణన్ గారు 1950 మొదలు 1996లో తాము కన్నుమూయువరకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాయుచు, భాగములను తామే కూర్చుకొనిన కెమెరాతో నలుపు తెలుపులలో అడవిమృగములను, పక్షులను చిత్రించిరి. రంగు లేకయు, నేటి ఫోనులకున్న సదుపాయములలో నొక్కటియు లేకయు వారు చేసిన పనిని చూచిన, సాధనము కొరవడినదను మాట మన నోట రాదు.

కావున ఈ సంవత్సరపు ప్రదర్శనకు మేము ప్రకటనను మార్చి వ్రాసితిమి. గూడుగాని, గ్రుడ్లుగాని, గూటిలోని పిల్లలుగాని కనబడు చిత్రము, అది యెంత అందమైనదైనను, స్వీకరింపబడదు. ప్రతి చిత్రముతోను ఒక చీటీ జతపరుపవలెను: ఎక్కడ తీసినది, ఎంతసేపు వేచియున్నది, మీరు లేచి వచ్చునప్పుడు ఆ పక్షి యేమి చేయుచుండెను. మూడవ ప్రశ్నకు 'మేయుచుండెను' అను సమాధానము వచ్చిన చిత్రమునకే మొదటి బహుమతి. చీటీలో అబద్ధము వ్రాయవచ్చును గదా యని ఒక ఉపాధ్యాయినిగారు నవ్వుచు అడిగిరి. వ్రాయవచ్చును. పరీక్షపత్రములలోను వ్రాయుచున్నారు, అయినను మనము పరీక్షలు మానలేదు.

గత సంవత్సరము బహుమతి పొందిన బాలునితో అవ్వ చెప్పిన సంగతిని మేము చాలదినములు చెప్పలేకపోతిమి. చెప్పినపుడు తప్పు మాదే యనియు చెప్పితిమి. వాడు తలవంచుకొని, "నాకు తెలీదు సార్" అని మాత్రము అనెను. పోయిన నెలలో వాడొక క్రొత్త చిత్రమును తెచ్చి మా బల్లపై నుంచెను. మూడు ఉదయములు గట్టున కూర్చున్నాడట. కొంగ చిత్రమునందు అరచేతి యంతయు లేదు. నీటినుండి ఒక కాలిని అప్పుడే పైకెత్తినది. నల్లని కాలి చివర తడిసిన వ్రేళ్ళు పసుపుగా మెరయుచున్నవి. చీటీలో మూడవ ప్రశ్నకెదురుగా "చేపను పట్టె, నన్ను చూడలేదు" అని వ్రాసియున్నది. మన పత్రికలో రంగుల ముద్రణకు వసతి లేదు గనుక, ఎదుటి పుటలోని ఆ వ్రేళ్ళు పసుపువే యని పాఠకులు మా మాటను నమ్మవలసియున్నది.